ఓడ యే రేవు చేరవలెను?



నేటి యుపన్యాసమునకు నేనే శ్రుతివాక్యమును ఆధారముగా గ్రహింపలేదు. ఒక వ్యాజ్యెమును గూర్చియు, ఒక గాలివానను గూర్చియు, ఒక శిలాశాసనమును గూర్చియు చెప్పదలచి వచ్చితిని. న్యాయవాది ప్రార్థనామందిరమునకు వచ్చియు కచేరీని మరువలేడని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడు. పరమేశ్వరుడు తన మాటను పండితుల గ్రంథములందే గాక చేపలు పట్టువాని నోటను సైతము పలికించునని నమ్మినవారము గనుకనే మనమీ సమాజమున చేరితిమి. ఆ నమ్మకము మనకు నిజముగా నున్నదో లేదో యని నన్ను నేను ప్రశ్నించుకొనవలసిన దినమొకటి నాకు వచ్చెను.

మనము నల్లరేగడి నేలవారము. గుంటూరు మొదలు ఒంగోలు వరకు మన చూపు ప్రత్తిచేలమీదను, మిరపతోటలమీదను నిలుచునే గాని తూర్పుననున్న సముద్రము వైపు తిరుగదు. ప్రత్తికాయ విచ్చి చేను తెల్లబడియున్నప్పుడో, పండుమిరప కళ్లములో ఎండుచున్నప్పుడో ఆకాశము మూసికొనివచ్చినచో మాత్రము సముద్రము జ్ఞాపకమునకు వచ్చును. ఆ సముద్రము మన కొసగిన పాఠములు చిన్నవి కావు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి అది మచిలీపట్టణముపై పొంగి సుమారు 30,000 మందిని పొట్టను బెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచినప్పుడు ప్రభుత్వపు లెక్కయే సుమారు 10,000 మంది యని చెప్పెను. 1990 మే 9న మరల ఆ తీరమునకే ఘోరమైన తుపాను వచ్చెను. కాని అప్పటికి హెచ్చరికలు ముందుగా నంది, లక్షకు మించిన జనులు తీరమునుండి తరలింపబడుటచే మృతుల సంఖ్య వేయి దాటలేదు. ఆ రెండు సంవత్సరములకు నడుమ గాలి మెత్తబడలేదు, సముద్రము దయ నేర్వలేదు. మనుష్యులు ఎక్కడ తలదాచుకొనవలెనో ముందుగా నిశ్చయించుకొనిరి. అంతే భేదము.

ఇంక వ్యాజ్యెము సంగతి. నిజాంపట్నమునకును వాడరేవునకును నడుమనున్న తీరములో రెండు పల్లెలు కలవు. వాని పేళ్లు చెప్పను. రాజీయైన తగవునకు పేళ్లెందుకు? ఆ రెంటికి నడుమ ఒక ఉప్పుటేరు సముద్రములో కలియును. ఆ మొగలో పడవలు కట్టుకొను హక్కు ఎవ్వరిదను విషయమై మూడు తరములుగా కలహము నడచుచుండెను. వలలు కోసికొనిరి, తలలు పగులగొట్టుకొనిరి, తుదకు న్యాయస్థానమున కెక్కిరి. ఉత్తరపు పల్లెవారు నా కక్షిదారులు. వారి పక్షమున పాత సర్వే రికార్డొకటి బలమైన సాక్ష్యముగా నుండెను. ప్రతిపక్షమువారికి వాడుక తప్ప కాగితము లేదు. దావా గెలుతుమనుటలో నాకు సందేహము లేకుండెను.

వాదన జరుగవలసిన దినమునకు ముందునాటి సాయంకాలము, డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడొకడు, ఆ పల్లె పెద్దలలో నొకడు, నాయొద్దకు వచ్చెను. వచ్చి, గుమ్మమునకు దిగువనే నిలిచి, డిక్రీలో ఒక మాట వ్రాయింపుమని కోరెను. మొగ ఎవ్వరిదైనను కానిండు, తుపాను జెండా ఎగిరిన దినమున మాత్రము ఏ పల్లె పడవయైనను లోనికి రావచ్చునని వ్రాయవలెనట. నాకు విసుగు పుట్టెను. అట్టి షరతు మనమే కోరినచో హక్కు పూర్తిగా మనది కాదని మనమే యొప్పుకొన్నట్లగునని చెప్పితిని. ఆతడు వినెను, పోలేదు. "కూర్చో తాతా" యంటిని. అప్పుడాతడు కూర్చుండి ఒక కథ చెప్పెను.

అది ఆతని యౌవనపు మాట. పడవలకు యంత్రములు లేక తెరచాపయే గతియైన దినములు. ఐదుగురు ఒక పడవలో వలవేటకు పోయి రెండు రాత్రులు సముద్రము మీదనే యుండిరి. సరంగు ఆతని మేనమామ. మూడవనాటి తెల్లవారుజామున గాలి చచ్చెను. గాలి లేకున్నను ఆగ్నేయమునుండి పొడుగైన యలలు, ఒకదాని వెంట నొకటి, తొందర లేక వచ్చి పడవను ఎత్తి దింపుచుండెను. ప్రొద్దు పొడుపున ఆకాశము రాగిచెంబు రంగున నుండెను. పిమ్మట ఈశాన్యమునుండి గాలి మొదలయ్యెను. మొదట అది వేటకు మంచిగాలివలెనే యుండెనట. మేనమామ మాత్రము వల లోనికి లాగుమని చెప్పి, అలలవైపే చూచుచు గూర్చుండెను.

ఎక్కడికి పోవలెను? ఐదుగురు మనుష్యులకు నాలుగు అభిప్రాయములు. ఒకడు ఇంటికే పోదమనెను. కాని యిల్లు ఈశాన్యమున, గాలికి సూటిగా నెదురుగా నున్నది. అటు నిటు చాప మార్చుకొనుచు పోయినచో చీకటిపడువరకు చేరరు. ఇంకొకడు ఎదుటనున్న ఇసుకతీరమునకే పడవను తోలుదమనెను. తీరము దగ్గరే, కాని అక్కడ అలలు విరుగుట అప్పటికే మొదలైనది. పడవ ముక్కలగుట నిశ్చయము, మనుష్యులు దక్కుట సందేహము. మూడవవాడు లంగరు వేసి గాలి తగ్గువరకు సముద్రముమీదనే యుందమనెను. నాలుగవవాడు అమ్మవారికి మేకపోతును మ్రొక్కుకొందమనెను. దానికి మేనమామ, "మొక్కు ఒడ్డెక్కాక మొక్కుకుందాం, ముందు తాడు పట్టు" అనెనట. ఆతడు నాస్తికుడేమియు కాడు. ఏ పని ముందో యెరిగినవాడు.

మేనమామ నిర్ణయము అందరికిని రోత పుట్టించెను. గాలి వాటమున నైరృతికి మూడు గంటలు పోయినచో తగవులోనున్న ఆ ఉప్పుటేటి మొగ వచ్చును. ఆ దినములలో అది దక్షిణపు పల్లెవారి చేతిలో నుండెను. మధ్యాహ్నము పోటు సమయము. పోటున మొగ యెదుటి ఇసుకతిన్నెమీద పడవ దాటుటకు చాలినంత నీరుండును. ఆటు మొదలైనచో, అలలు పెరిగినచో, ఆ దారి మూసికొనిపోవును. రెండేండ్ల క్రిందట ఆ మొగయొద్దనే జరిగిన కొట్లాటలో ఈ మేనమామయే అక్కడివా డొకని చేయి విరుగగొట్టియుండెను. "వాళ్లు మనల్ని రానిస్తారా?" యని మేనల్లు డడిగెను. "రానివ్వకపోతే అక్కడ చూసుకుందాం. గాలికి మన తగువు తెలీదు" అని మాత్రము చెప్పి చుక్కాని త్రిప్పెను.

కొంచెము నిలిచి ఈ నిర్ణయమును పరిశీలింపుడు. నేనీ కథ విన్న పిమ్మట తుపానుల శాస్త్రమును కొంత చదివితిని. కలకత్తాలో నుండిన హెన్రీ పిడ్డింగ్టన్ అనునాతడు 1848లో నావికుల కొరకు ఒక గ్రంథము ప్రకటించి, ఈ సుడిగాలులకు సర్పపు చుట్టనుబట్టి సైక్లోను అను పేరు నిచ్చెను. మన యర్ధగోళములో ఆ గాలి గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా తిరుగును. గాలికెదురుగా నిలిచి కుడిచేయి చాచినచో తుపాను కన్ను ఆ చేతివైపున, కొంచెము వెనుకకు నుండును. ఈశాన్యపు గాలి క్రమముగా తూర్పునకు, ఆగ్నేయమునకు తిరిగినచో నీవు తుపాను దారికి కుడిపార్శ్వమున, అధిక ప్రమాదములో నున్నావు. అది ఉత్తరమునకు, వాయవ్యమునకు తిరిగినచో ఎడమపార్శ్వమున నున్నావు. గాలి దిక్కు మారక బలము మాత్రము పెరుగుచున్నచో తుపాను నీ మీదికే వచ్చుచున్నది. మన తీరమున తుపాను దాటిన తావునకు ఉత్తరముననే గాలి సముద్రమును నేలమీదికి త్రోయును, ఉప్పెన అక్కడనే. ఆ సరంగు పిడ్డింగ్టను పేరు వినలేదు. అయినను అలలు వచ్చు దిక్కును, గాలి వీచు దిక్కును జతచేసి చూచుట యెరుగును. తుపాను తమకు దక్షిణముగా నున్నదనియు ఆతడు గ్రహించియే యుండెను. తాను పోవలసిన మొగయు ఆ దక్షిణపు వైపుననే యున్నది. అనగా ఆశ్రయము భయము వచ్చుచున్న వైపుననే, శత్రువు చేతిలోనే యున్నది. ఇల్లు వెనుక, గాలికెదురుగా నున్నది. ఇంటివైపు చూచినవాడు మునుగును.

ఇక్కడ నాకు క్రైస్తవుల గ్రంథములోని యొక కథ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. బందీయైన పౌలును రోమునకు తీసికొనిపోవు ఓడ క్రేతు ద్వీపమున మంచిరేవులను తావు చేరెను. ఋతువు ముదిరినది. ముందునకు పోయినచో నష్టము తప్పదని పౌలు చెప్పెను. కాని యా రేవు చలికాలము గడుపుటకు సుఖమైనది కాదు. శతాధిపతి ఖైదీ మాటకంటె ఓడ నడుపువాని మాటను, ఓడ యజమాని మాటను ఎక్కువగా నమ్మెను. అధికసంఖ్యాకులు ఫీనిక్సు రేవునకు పోదమనిరి. ఇంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తమ తలంపు నెరవేరినదని సంతోషించి లంగరెత్తిరి. పిమ్మట పదునాలుగు రాత్రులు వారికి దిక్కు తెలియలేదు.

న్యాయవాదినగుటచే నేనీ కథలో తప్పెవ్వరిదని విచారించితిని. శతాధిపతి మూర్ఖుడు కాడు; వృత్తినెరిగినవారిని అడిగెను. ఓడ యజమాని దుర్మార్గుడు కాడు, సరకు చెడకూడదనుకొనెను. అధికసంఖ్యాకులు సుఖము కోరిరి, అది సహజము. అందరి లెక్కలును సరిగానే యున్నవి. ఒక్క సంగతియే వారి లెక్కలోనికి రాలేదు. మెల్లగా వీచిన దక్షిణపు గాలిని వారు దైవానుమతిగా భావించిరి. అనుకూలమైన గాలి దైవానుమతి యని ఎవ్వరు చెప్పిరి? మన యిండ్లలో చూడుడు. వరకట్నము పాపమని సభలో చెప్పి, పెండ్లికుమారుని తండ్రి తానే యడుగగా ఇచ్చితిమనియు, అడుగకయే ఇచ్చిరి గనుక పుచ్చుకొంటిమనియు చెప్పుకొనుచున్నాము. కులభేదము లేదని ఉపాసనలో పాడి, సంబంధము వెదకునప్పుడు మాత్రము "మనవారిలోనే మంచి పిల్లవాడు దొరికెను, దైవసంకల్పము" అనుచున్నాము. ఇది మన దక్షిణపు గాలి. నేనెవ్వరినో నిందించుట లేదు. నా కుటుంబములో జరిగిన వివాహములలో నేనును ఆ గాలికి చాప విప్పినవాడనే.

పరమేశ్వరుని ప్రార్థించుట యనగా గాలిని మాన్పుమని కోరుట కాదని నా యభిప్రాయము. ఈ విషయమున మన సమాజములోనే భేదాభిప్రాయము లుండవచ్చును. గాలిని పుట్టించిన నియమము ఆయనదే. నా పడవ కొరకు ఆయన దానిని రద్దు చేయవలెనని కోరుటకు నాకు నోరు రాదు. కాని నిర్మలమైన చూపు నిమ్మని కోరవచ్చును. రోషము కన్నులు కప్పకుండ చేయుమని కోరవచ్చును. ఆ సరంగు మనస్సులో రెండేండ్లనాటి కొట్లాట ఒక గడియ సేపు ఎక్కువగా నిలిచినచో పోటు దాటిపోయెడిది. నిరాకారుడైన దేవుడు ఆ దినమున ఆతని కేమి చేసెనని మీరడిగినచో, ఆ గడియను మిగిల్చెనని చెప్పుదును.

మరియొక సంగతి. తీరమున మనము రేవును సుఖమని తలంతుము. కాని పెద్ద యోడలకు రేవు ప్రాణాంతకము. తుపాను హెచ్చరిక తీవ్రమైనప్పుడు విశాఖపట్టణమువంటి రేవులలో పెద్ద యోడలను బయటి సముద్రమునకు పొమ్మని యాజ్ఞాపింతురు. ధక్కాకు కొట్టుకొని పగులుటకంటె లోతైన నీటిలో గాలికి ముఖమిచ్చి నిలుచుటయే వానికి క్షేమము. చిన్న పడవకు అదే పని మృత్యువు. కావున ఎక్కడ ఆశ్రయము పొందవలెనను ప్రశ్నకు అందరికిని ఒక్కటే యుత్తరము లేదు. నీ యోడ యెంత లోతు మునుగునో నీ వెరుగవలెను.

సంస్కరణమార్గమునందు మనమీ భేదమును తారుమారు చేసితిమని నాకు తోచుచున్నది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినప్పుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు తన యోడను బహిష్కారపు గాలిలోనికి తానే నడిపిరి. విద్యయు, వృత్తియు, పేరును గల మనవంటి వారికి అట్టి లోతు కలదు. సంఘము వెలివేసినను మన కన్నము మానదు. మన పిల్లల చదువాగదు. అయినను మొదట ఉప్పుటేటిలో దూరి లంగరు వేయువారము మనమే. దూరినదిగాక, చిన్న పడవలు కట్టుకొనవలసిన చోటును మనమే ఆక్రమించుచున్నాము. పిదప, అత్తవారింట నలుగురి చేతిక్రింద బ్రతుకుచున్న యొక బీద వితంతువును చూచి, "ఆమెకు ధైర్యము లేదు, ఆమెయే వలదనుచున్నది" అని నిట్టూర్చుచున్నాము. ఆమె పడవకు లోతు లేదు. ఆమెను నడిసముద్రములో నిలువుమనుట ఉపదేశము కాదు, క్రౌర్యము. ఆమెకు కావలసినది రేవు. ఆ రేవును విడిచిపెట్టి బయటికి పోవలసినవారము మనము.

వృద్ధుని కథ ఇంకను ముగియలేదు. వారు మొగయొద్దకు వచ్చునప్పటికి పోటు నిండియుండెను. తిన్నెమీద అల విరుగుచుండెను. రెండు విరుపుల నడుమ సందు చూచి మేనమామ పడవను లోనికి విడిచెను. లోపల ప్రవాహములో చుక్కాని నిలువలేదు; గట్టునుండి ఎవ్వరైనను తాడు విసరినగాని పడవ నిలువదు. గట్టుమీద దక్షిణపు పల్లెవారు ఇరువది ముప్పది మంది చేతులు కట్టుకొని చూచుచు నిలిచిరి. పడవను గుర్తించిరి; మనిషిని గుర్తించిరి. ఎంతసేపు నిలిచిరని నేనడుగగా, "చాలాసేపు బాబుగారూ. ఇప్పటికీ ఒక్కోసారి రాత్రిపూట నిలబడే ఉంటారు" అనెను. తుదకొక ముసలమ్మ వెనుకనుండి వచ్చి, "చూస్తారేంట్రా, మీకు బిడ్డల్లేరా!" యని అరచి, తానే తాడందుకొనెను. అప్పుడందరును కదలిరి. రెండు రాత్రులు ఆ ఐదుగురును వారి చావడిలో తలదాచుకొనిరి. వారి గంజియే త్రాగిరి. చేయి విరిగినవాడు మాటలాడలేదు. కాని దుప్పటి తెచ్చి పడవేసి పోయెను.

పిమ్మట కలహము చల్లారెనా యని మీరడుగుదురు. చల్లారలేదు. మరుసటి యేటనే మరల వలలు కోసికొనిరట. ఇది చెప్పునప్పుడు వృద్ధుడు తల వంచుకొనెను. ఇట్టి కథలను మనము సభలలో చెప్పునప్పుడు చివర నందరును కౌగిలించుకొన్నట్లు చెప్పుదుము, అది యసత్యము. తాడు విసరిన చేతులే మరల కఱ్ఱలు పట్టినవి. అయినను ఆ తాడు విసరబడిన మాట నిజము.

నేనంతయు విని, అప్పటికిని దావా సంగతియే చెప్పితిని. గెలుపు మన చేతిలో నున్నది, రాజీకి తొందరయేల యంటిని. నా మనస్సులో ఆ క్షణమున నేమున్నదో మీయెదుట దాచను. ఆ దావా గెలిచినచో బారులో నా పేరు వినబడునని యుండెను. వృద్ధుడు లేచి, "ఆ రోజు ఆ మొగ మమ్మల్ని కాచింది బాబుగారూ. ఇవాళ దావా గెలిచి దానికి తలుపేసుకోమంటారా?" యనెను. నాకు మాట రాలేదు. వాయిదా కోరితిని.

ఆ వాయిదా దినములలో ఒక యాదివారము నేను మోటుపల్లికి పోయితిని. చినగంజాము దాపుననున్న యా పల్లె నేడు నిద్రించుచున్నట్లుండును. ఒకప్పుడది కాకతీయుల మహారేవు. 13వ శతాబ్దపు చివర వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యమును మోటుపల్లి పేరుతోనే పిలిచి, ఇచ్చటి నూలుబట్ట సాలెగూటివలె సన్నమైనదని వ్రాసెను. మన ప్రత్తి ఆనాడు ఏ సముద్రములు దాటెనో తలచుకొనుడు. సముద్రయానము పాతకమని శాస్త్రములు చూపువారు ఆ రేవునెన్నడును చూడలేదు కాబోలు. 1830లో రాజా రామమోహనరాయలు ఓడ యెక్కినప్పుడు కులభ్రష్టుడగునని వారే యరచిరి; ఆయన 1833లో బ్రిస్టలునందు దేహము చాలించువరకు వారి యరపు ఆగలేదు.

అక్కడి వీరభద్రాలయములో గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166లో, అనగా క్రీ.శ. 1244లో, వేయించిన యభయశాసనము కలదు. దాని భావమును నా మాటలలో చెప్పుదును. ఒక దేశమునుండి యింకొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు చిక్కి పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చినప్పుడు పూర్వరాజులు అందలి సరకునంతయు బలాత్కారముగా హరించుచుండిరట. ప్రాణముకంటె ధనమే ప్రియమనుకొని సముద్రము మీద సాహసించినవారియెడ దయచేతను, కీర్తిని ధర్మమును కోరియు, తాము నిర్ణీతమైన సుంకము మాత్రమే గ్రహించి తక్కినదంతయు వారికే విడుచుచున్నామని చక్రవర్తి ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట నొక వంతు. 1358లో కొండవీటి అనపోతారెడ్డియు ఆ రేవునందే వర్తకులకు మరల నభయ మిచ్చెను.

ఆ శాసనము నెదుట నిలిచి నాకు సిగ్గు కలిగెను. ధర్మశాస్త్రమున అట్టి షరతు లేదని నేను వృద్ధునితో చెప్పియుంటిని. ఉన్నది, ఇప్పటికి 780 యేండ్లుగా నున్నది, నా పల్లెనుండి ఒక్కపూట ప్రయాణములో నున్నది. నేను చదివిన సివిలు ప్రొసీజరులో లేదు, అంతమాత్రమే. మరియు, చక్రవర్తి సుంకమును వదలుకొనలేదని గమనింపుడు. హక్కును విడువుమని ధర్మ మాయనను కోరలేదు. ఆపదలో వచ్చినవాని యాపదను ఆదాయముగా చేసికొనవలదని మాత్రమే కోరెను. వృద్ధుడు నన్నడిగినదియు అంతకు మించి కాదు. మొగ హక్కు వలదని ఆతడనలేదు.

పౌలు ఓడయు తుదకు పగిలెను. అందులోని 276 మందియు, ఈదినవారు కొందరు, పలకలు పట్టుకొన్నవారు కొందరు, మెలితే ద్వీపమున ఒడ్డెక్కిరి. వానయు చలియు నుండుటచే ఆ ద్వీపవాసులు నిప్పు రాజవేసి అందరిని చేర్చుకొనిరని యున్నది. వారిని గ్రంథకర్త అనాగరికులనియే పేర్కొనెను. ఖైదీ యెవ్వరు, శతాధిపతి యెవ్వరని వారు ముందుగా విచారింపలేదు. మన వీథిలో అట్టి వాన కురిసిన రాత్రి, మన మేడల తలుపు కొట్టినవాని పేటనడుగక మనము నిప్పు రాజవేయుదుమా? కాకినాడలో బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అస్పృశ్యులనబడిన బాలురకు వసతి యేర్పరచిరి. మనము వారి చిత్రపటము నీ మందిరమున వ్రేలాడదీసితిమి. నా యింటి వంటగది వరకు ఎవ్వరెవ్వరు వచ్చుచున్నారో గత సంవత్సరము నేను లెక్క వేసికొంటిని. ఆ లెక్క మీకు చెప్పను. మీ మీ లెక్కలు మీరు వేసికొనుడు.

రేవులలో తుపాను హెచ్చరిక సంఖ్యలు 1 మొదలు 11 వరకు కలవు. నిజాంపట్నమునందును వానినే యెగురవేయుదురు. మొదటివి దూరమున తుపాను పుట్టినదని తెలుపును. 8, 9, 10 మహాప్రమాదమును తెలుపును. 11వది విచిత్రమైనది. వార్తాసంబంధములు తెగిపోయినవని, ఇక మీకు చెప్పువారు లేరని దాని యర్థము. ఒకటవ సంఖ్యనాడు మనకు గడువు కావలసినంత యుండును. ఆనాడే మనము సభ చేసి, తీర్మానము చేసి, ఫలాహారము చేసి ఇండ్లకు పోవుదుము. నలుబది దాటిన మనలో ననేకులకు గాలి యప్పుడే ఈశాన్యమున మొదలైనది. పిల్లల వివాహములు, తండ్రుల శ్రాద్ధములు, ఆస్తుల పంపకములు, మన మరణములు వరుసగా ముందున్నవి. వానియందు దేని నాశ్రయింతుము? ఊరి మాటనా? పురోహితుని పంచాంగమునా? అంతరాత్మలో పలుకు ఆ యొక్కనినా? పదునొకండవ సంఖ్య ఎగిరిన పిదప దీనిని గూర్చి ఉపన్యసించుటకు నేనుండను, వినుటకు మీరుండరు.

వాయిదానాడు రెండు పల్లెల పెద్దలును న్యాయస్థానమునకు వచ్చిరి. ప్రతిపక్షపు న్యాయవాది, నాకంటె చిన్నవాడు, నేను గెలువవలసిన దావాను ఎందుకు రాజీ చేయుచున్నానో తెలియక, ఇందేదియో మోసమున్నదని కాగితమును మూడుసార్లు చదివెను. హక్కు సర్వే రికార్డు ప్రకారము ఉత్తరపు పల్లెకు చెందెను. దక్షిణపు పల్లెవారు వాడుక చొప్పున తమ పడవలు కట్టుకొనుటకు కొంత గట్టు విడువబడెను. చివరి షరతును వృద్ధుడు చెప్పగా నేనే స్వహస్తముతో వ్రాసితిని: తుపాను హెచ్చరిక యున్న దినములలో ఏ యూరి పడవనైనను, ఏ కులమువానినైనను, మొగలోనికి రానీయవలెను, గట్టుమీదనున్నవారు తాడందింపవలెను, దానికై పైకము పుచ్చుకొనరాదు. "తాడందింపవలెను" అను మాటకు న్యాయాధిపతి ఒకసారి తలయెత్తి చూచి, కొట్టివేయక, సంతకము చేసిరి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పటికి ఆ రాజీకి కొన్ని నెలలే యయ్యెను. ఆ రాత్రి నేను నా యింటిలో, గాజుకిటికీల వెనుక, దీపము లేక కూర్చుండి గాలి విన్నాను. మూడవ దినమున తంతులు కలిసిన పిమ్మట వృద్ధుని మనుమడు మాటలాడెను. పడవలు పదునేడు లోనికి వచ్చినవట. తమవి పదకొండు, వారివి ఆరు. తాతగారెట్లున్నారని యడిగితిని. "గట్టు మీదే ఉన్నాడండీ, తాడు చుట్టుకుంటున్నాడు" అనెను.

ఇంక కన్నులు మూసికొని, ఎవ్వరి మనస్సులో ఏ పడవ యున్నదో దానిని తలచుకొని, కొంతసేపు మౌనముగా నుందము.